జ్వరం ఎన్నో రోజు?

వానలు మొదలయ్యాయంటే చందానగర్ క్లినిక్కుల్లో కూర్చోవడానికి చోటు దొరకదు. ముంబయి జాతీయ రహదారి వెంట మియాపూర్ నుంచి లింగంపల్లి దాకా ఆస్పత్రుల బోర్డులు, వాటిని ఆనుకుని రక్త పరీక్షల కేంద్రాల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. మగ్రిబ్ నమాజు ముగిసేసరికి బెంచీలన్నీ నిండిపోతాయి. హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చునే యువకుడు, అదే హైటెక్ సిటీలో భవనాలకు సెంట్రింగ్ కొట్టే కార్మికుడు, బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, చంటిబిడ్డను భుజాన వేసుకున్న తల్లి, అందరూ పక్కపక్కనే వంతు కోసం ఎదురు చూస్తుంటారు. వాళ్లలో చాలామందిని అక్కడికి తెచ్చింది జ్వరమే.

లోపలికి వెళ్లగానే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న, "జ్వరం ఎన్నో రోజు?" తండ్రి రెండు రోజులంటాడు. తల్లి కాసేపు ఆలోచించి, కాదు, జుమా నాడే పిల్లవాడి ఒళ్లు వెచ్చగా ఉందంటుంది. పిల్లవాడు నోరు విప్పడు. అంతకు ముందే వాడు ఇంట్లో చెప్పకుండా మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగి ఉంటాడు. ఒకే జ్వరానికి మూడు లెక్కలు. వైద్యుడు మళ్లీ అడిగితే, "డాక్టర్ సాబ్, అవన్నీ ఎందుకు, టెస్టులు రాయండి, అన్నీ తేలిపోతాయి" అంటారు. కొందరు ఈ మాట అనడానికైనా వైద్యుని వద్దకు రావడం లేదు. నేరుగా పరీక్షా కేంద్రానికి వెళ్లి, బోర్డు మీద రాసిన 'ఫీవర్ ప్యాకేజీ' చేయించుకుని, ఆ కాగితంతో మందుల షాపుకు వెళ్తున్నారు.

అన్నీ తేలిపోవు. వైద్యులు రోగాన్ని ఎలా గుర్తిస్తారో, అందులో మనం చెప్పే జవాబులకు ఎంత పాత్ర ఉందో ఈ వారం మన పాఠకుల ముందు ఉంచదలిచాం. రోగి చెప్పిన కథ, వైద్యుడు చేసిన శరీర పరీక్ష, ఆ తర్వాతే సూది, సీసా, యంత్రం. ఈ వరుస తలకిందులైతే డబ్బు పోవడమే కాదు, ఒక్కోసారి మనిషే పోతాడు.

తప్పు రోజున అడిగిన పరీక్ష

డెంగ్యూ సంగతే తీసుకుందాం. జ్వరం వచ్చిన మొదటి నాలుగైదు రోజులు రక్తంలో ఆ వైరస్ తాలూకు ఎన్ఎస్1 అనే పదార్థం దొరుకుతుంది. తర్వాత అది తగ్గిపోతూ వస్తుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే ఐజీఎం ప్రతిరక్షకాలు ఐదో రోజు ప్రాంతం నుంచి గానీ సరిగా కనిపించవు. కాబట్టి రెండో రోజున ఐజీఎం పరీక్ష చేయించి డెంగ్యూ లేదని నిశ్చింతగా ఉండటం ఎంత పొరపాటో, ఎనిమిదో రోజున ఎన్ఎస్1 ఒక్కటే చేయించి లేదనుకోవడం కూడా అంతే పొరపాటు. అందులో యంత్రం తప్పేమీ లేదు. అడగకూడని రోజున దాన్ని అడిగారు.

రోజుల లెక్క తప్పితే ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. డెంగ్యూలో జ్వరం దిగే సమయమే, అంటే ఇంచుమించు మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, గండం ఎదురయ్యే సమయం. అప్పుడే కొందరిలో రక్తనాళాల నుంచి ద్రవం బయటకు ఊరిపోయి, రక్తం చిక్కబడి, రక్తపోటు పడిపోతుంది. ఇంట్లో వాళ్లేమో ఒళ్లు చల్లబడింది, అల్హమ్‌దులిల్లాహ్, గండం గడిచిందనుకుంటారు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మనిషి మగతగా పడి ఉండటం లేక స్థిమితం లేకుండా కొట్టుకోవడం కనిపిస్తే జ్వరం ఉన్నా లేకున్నా అదే క్షణాన ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మన వాళ్లందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. వైద్యుడు దానితోపాటు హెమటోక్రిట్ అనే అంకెను, అంటే రక్తం ఎంత చిక్కబడిందో తెలిపే అంకెను చూస్తాడు. పొద్దున చేసిన పరీక్షను సాయంత్రం మళ్లీ ఎందుకు చేస్తున్నారని బంధువులు తగాదా పడేది సాధారణంగా ఈ అంకె కోసమే.

మలేరియాకు పద్ధతి వేరు. వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు పలక మీద ఒకచోట మందంగా, మరోచోట పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మందపు పూతలో పరాన్నజీవి ఉందా లేదా తెలుస్తుంది. పలుచని పూతలో అది ఏ జాతిదో తెలుస్తుంది. కొన్ని నిమిషాల్లో ఫలితం చెప్పే కార్డు పరీక్ష కూడా ఇప్పుడు అందుబాటులో ఉంది. మొదటిసారి కనిపించకపోతే లేనట్టు కాదు. అనుమానం బలంగా ఉంటే మర్నాడు మళ్లీ రక్తం అడుగుతారు. అడిగితే ఇవ్వాలి. అంతకు ముందే ఎవరో ఇచ్చిన మలేరియా మాత్ర వేసుకుని ఉంటే ఆ మాట కూడా చెప్పాలి.

ఇక టైఫాయిడ్. 'నాకు ఏటా టైఫాయిడ్ వస్తుంది' అనేవాళ్లు మనలో తరచూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి వచ్చింది టైఫాయిడ్ కాదు, వైడాల్ రిపోర్టు! ఫ్రాన్స్ వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ 1896లో ప్రకటించిన పరీక్ష ఇది. రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నాయా అని మాత్రమే చెబుతుంది. అవి ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బు వల్ల ఉండవచ్చు, టీకా వల్ల ఉండవచ్చు, మరో క్రిమి వల్లా ఉండవచ్చు. మన ప్రాంతంలో ఆరోగ్యంగా తిరుగుతున్న వారిలోనూ కొందరికి ఇది పాజిటివ్ వస్తుంది. అందుకే ఒకే ఒక్క వైడాల్ కాగితం చూసి టైఫాయిడ్ అని ముద్ర వేయకూడదు. నమ్మదగినది బ్లడ్ కల్చర్. రక్తాన్ని సీసాలో ఉంచి క్రిమి పెరుగుతుందేమో చూసే ఆ పరీక్షకు రెండు మూడు రోజులో, అంతకంటే ఎక్కువో పడుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఆ రక్తం తీయాలి. మెడికల్ షాపు భాయ్ ఇచ్చిన నాలుగు బిళ్లలు వేసుకుని వస్తే జబ్బూ తగ్గదు, సీసాలో క్రిమీ పెరగదు. వైద్యుడికి దారి మూసుకుపోతుంది.

జ్వరం ఏమిటో తెలియక ముందు ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడకూడదు. డెంగ్యూ అయితే అవి రక్తస్రావాన్ని పెంచగలవు. అంతవరకు పారాసెటమాల్ ఒక్కటే, అది కూడా బరువుకు తగిన మోతాదులో.

బేగంపేటలో హుసేన్ ఖాన్

చందానగర్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే హఫీజ్‌పేట, హైటెక్ సిటీ దాటుకుని బేగంపేట చేరుకోవచ్చు. మలేరియా చరిత్ర మలుపు తిరిగింది అక్కడే. చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందని లోకం శతాబ్దాల పాటు నమ్మింది. మలేరియా అనే పేరుకు అర్థమే చెడుగాలి. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో ఒక రోగి రక్తంలో ఆ పరాన్నజీవిని కళ్లారా చూశాడు. అది మనిషిలోకి ఎలా చేరుతుందన్నది తేలలేదు.

సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న వైద్యాధికారి రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో తాను పెంచిన దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలాడు. రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టింది ఎనిమిది అణాలు. ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూస్తూ వచ్చిన రాస్‌కు ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం నేటికీ ఆయన పేరుతో ఉంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి పెట్టిందీ ఆయన పేరే. హుసేన్ ఖాన్ పేరుతో మాత్రం మాకు తెలిసి నగరంలో ఏ వీధీ లేదు.

నేడు మన పిల్లవాడి వేలి నుంచి తీసే రక్తపు చుక్క వెనుక ఇంత కథ ఉంది. రాస్ కూడా ఊరికే దోమలను కోస్తూ పోలేదు. దోమకు, జ్వరానికి సంబంధం ఉందా అన్న ప్రశ్నను పట్టుకుని రెండేళ్లు కూర్చున్నాడు. వైద్యుడు మన ఇంటి జ్వరం విషయంలో చేసేదీ, చిన్న ఎత్తున, అదే.

అడగడం మన ఆచారమే

ఈ ప్రశ్నలు మనకు కొత్త కాదు. సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్లి, ఆయన ఛాతీ మీద చేయి ఉంచి, గుండె జబ్బుగా గుర్తించి, తాయిఫ్ వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమని సూచించినట్టు హదీసు గ్రంథం అబూ దావూద్‌లో ఉంది. తెలిసిన వైద్యుడి దగ్గరికి పంపడం ప్రవక్త (స) సంప్రదాయమన్న మాట.

అదే గ్రంథంలో మరో సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక సహాబీకి రాయి తగిలి తల పగిలింది. ఆయనకు స్నానం తప్పనిసరి అయిన పరిస్థితి ఏర్పడింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటి వారిని అడిగాడు. నీళ్లు ఉన్నాయి గనుక కుదరదని వాళ్లు చెప్పారు. ఆయన తలస్నానం చేసి మరణించాడు. ఈ సంగతి తెలిసి ప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, తెలియమికి మందు అడగడమేనని ఆయన వారిని మందలించారు. ఈ హదీసును ఉలమాలు ఫిఖ్‌హ్ పాఠంలో చెబుతారు. ఒక గాయపడిన మనిషి విషయంలో తెలిసీ తెలియని సలహా ఏం చేసిందో కూడా అందులో ఉంది. మన ఇళ్లలో జ్వరం వచ్చిన రోజు చుట్టూ చేరి సలహాలు ఇచ్చేవారు ఎంతమందో మనకు తెలుసు.

దాదాపు 1100 ఏళ్ల కిందట రయ్ నగరానికి చెందిన అబూ బకర్ అల్ రాజీ మశూచికి, తట్టుకు ఉన్న తేడాపై ప్రత్యేకంగా గ్రంథం రాశారు. అప్పట్లో ఆ రెండింటినీ తేల్చుకోవడం కష్టం. వెన్నునొప్పి ఎక్కువగా ఉంటే మశూచి వైపు, వికారం, ఆందోళన ఎక్కువగా ఉంటే తట్టు వైపు మొగ్గాలని ఆయన వివరించారు. సూక్ష్మదర్శిని లేదు, రక్త పరీక్ష లేదు. రోగి ఏం చెబుతున్నాడో విని, ఒంటిని చూసి, తేల్చారు. ఒకేలా కనిపించే జబ్బులను పక్కపక్కన పెట్టుకుని ఏది నప్పుతుంది, ఏది నప్పదు అని వడబోసే ఆ పద్ధతినే నేటి వైద్య కళాశాలల్లోనూ నేర్పుతున్నారు.

చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కళాశాలలో చదువుకున్న హకీములు కూడా నాడి పట్టుకునే ముందు ఆకలి, నిద్ర, మలమూత్రాల గురించి అడుగుతారు. నాడి గుండె వేగాన్ని, లయను చెబుతుంది. చక్కెర ఎంతో అంకెలో చెప్పదు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, నాడి మాత్రమే పట్టుకుని ఒంట్లో జబ్బులన్నీ చెప్పేస్తామనే వారి విషయంలో మన కుటుంబాలు జాగ్రత్తగా ఉండాలన్నది మా అభిప్రాయం.

జవాబు ఎవరు చెప్పాలి?

రోగి స్త్రీ అయినప్పుడు చాలా ఇళ్లలో జవాబు చెప్పేది భర్తో, అత్తగారో అవుతారు. "నొప్పి ఎక్కడమ్మా?" అని వైద్యుడు ఆమెను అడిగితే "కడుపులో గ్యాస్ డాక్టర్ సాబ్" అని భర్త చెబుతాడు. ఆమె నేల చూస్తుంది. అది ఛాతీలో బరువో, దవడలోకి లాగే నొప్పో, మెట్లెక్కితే వచ్చే ఆయాసమో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. గుండెపోటు స్త్రీలలోనూ, షుగర్ ఉన్నవారిలోనూ పెద్ద ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, వికారం, పొట్ట పైభాగంలో మంటగా రావచ్చు. అనుమానం కలిగిన పది నిమిషాల్లోపే ఈసీజీ తీయాలన్నది ఆస్పత్రులకు ఉన్న నియమం. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా గుండెపోటు లేదని కాదు. అందుకే ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేసి, కొన్ని గంటల తర్వాత మళ్లీ చేసి పోల్చి చూస్తారు. ఇవన్నీ జరగాలంటే వైద్యుడి మనసులో ముందు గుండె మాట మెదలాలి. గ్యాస్ అన్న ఒక్క మాట దాన్ని పక్కకు నెట్టేస్తుంది.

హయా, పర్దా మనకు ప్రాణప్రదమైనవే. మహిళా వైద్యురాలు దొరికే చోట ఆమెనే ఎంచుకోవాలి. దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యుడు పరీక్షించడానికి ఉలమాలు అనుమతించారు. తోడుగా ఒక స్త్రీ గదిలో ఉండాలని అడిగే హక్కు రోగికి ఉంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వైద్యుల మెడలో వేలాడే స్టెతస్కోపు పుట్టడానికి కారణం సిగ్గే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించి వినడం మర్యాద కాదని, కాగితాలను గొట్టంలా చుట్టి దాని గుండా గుండె చప్పుడు విన్నాడు. చెవి ఆనించినప్పటి కంటే స్పష్టంగా వినిపించింది. మర్యాదను కాపాడుతూనే రోగాన్ని కనిపెట్టే దారి దొరికింది.

రొమ్ములో గడ్డ తగిలితే అమ్మీకి కూడా చెప్పని ఆడపిల్లలు, కోడళ్లు ఉన్నారు. నొప్పి లేదు గదా అని ఆగిపోతారు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. వైద్యురాలు చేత్తో పరీక్షించడం, మామోగ్రామ్ లేక అల్ట్రాసౌండ్ తీయడం, సూదితో చిన్న ముక్క తీసి చూడటం, ఈ మూడూ కలిస్తేనే గడ్డ మంచిదో చెడ్డదో తేలుతుంది. చాలా గడ్డలు క్యాన్సర్ కానివే. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయంతో వెనక్కి వచ్చేస్తున్న వారు ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదు. గడ్డ పెరిగి, చంకలోకి దిగాక రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి మెట్లెక్కే బదులు, బఠాణీ గింజంత ఉన్నప్పుడే చూపించుకుంటే చికిత్స కూడా చిన్నదే అవుతుంది.

దాచిన దగ్గు

పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అమ్మాయి దగ్గు ఎవరికీ వినిపించకూడదు. ఇది అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్నదే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రాల వేళ సన్నజ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే క్షయ అనుమానించాలి. దీన్ని తేల్చేది ప్రధానంగా కళ్లె పరీక్ష. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి ఉందో లేదో రెండు గంటల ప్రాంతంలో చెప్పడమే కాదు, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా చెప్పగలవు. ఎక్స్‌రే అనుమానాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒక్కదానితో తేల్చేయకూడదు.

కళ్లె ఇవ్వడంలోనే చాలామంది పొరపడుతున్నారు. డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. కావలసింది ఉమ్మి కాదు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గాఢంగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కని కళ్లె. రక్తంలో ప్రతిరక్షకాలు చూసి క్షయ అని చెప్పే కిట్లు నమ్మదగినవి కావని భారత ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కళ్లె పరీక్ష, మందులు రెండూ ఉచితం. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు. ఆ ఆరు నెలలు దాచాలని చూసి, దూరపు ఊళ్లో రహస్యంగా కొన్నాళ్లు వాడి మానేస్తే మందులకు లొంగని క్షయ తయారవుతుంది. అప్పుడు చికిత్స సుదీర్ఘం అవుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లనూ పరీక్షించాలి. ఈ విషయం వైద్యునికి తెలియాలంటే ఇంట్లో ఎవరెవరు ఉన్నారో నిజం చెప్పాలి.

గీత దాటిన అంకెలు

సైబరాబాద్ యువకుల ఫోన్లకు రోజూ ఏదో ఒక 'ఫుల్ బాడీ చెకప్' ప్రకటన వస్తుంటుంది. డెబ్బై పరీక్షలు, ఎనభై పరీక్షలు, సగం ధరకే! రిపోర్టులో ఎర్రగా కనిపించిన ప్రతి అంకెకూ ఇంట్లో అందరూ బెంబేలెత్తిపోతారు. సాధారణంగా నార్మల్ అనే గీతను ఎలా గీస్తారంటే, ఆరోగ్యవంతులైన నూరు మందిలో 95 మంది దాని లోపల ఉంటారు, ఐదుగురు బయట ఉంటారు. కాబట్టి ఏ జబ్బూ లేని మనిషికి ఇరవై పరీక్షలు చేస్తే సగటున ఒకటి గీత దాటుతుంది. ఎనభై చేస్తే ఎన్ని దాటుతాయో ఊహించుకోవచ్చు. ఆపైన ఆ అంకెను వెంటాడుతూ స్కానింగులు, మరిన్ని పరీక్షలు.

అయితే అడగవలసిన ప్రశ్న అడగడం వేరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. వీరిలో చాలామందికి బయటకు ఏ బాధా ఉండదు. లివర్ ఎంజైములు మామూలుగా ఉన్నా కొవ్వు ఉండవచ్చు. గంటల తరబడి కూర్చునే ఉద్యోగం, నడుము చుట్టుకొలత, ఇంట్లో షుగర్ చరిత్ర అడిగి తెలుసుకున్న వైద్యుడు ఒక అల్ట్రాసౌండ్, ఒక షుగర్ పరీక్ష రాస్తే వాటికి అర్థం ఉంది.

షుగర్ విషయంలో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. పరగడుపున 126 లేక అంతకు మించి, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేక అంతకు మించి, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేక అంతకు మించి ఉంటే మధుమేహం అంటారు. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్కసారి వచ్చిన అంకెతో సరిపెట్టకుండా మళ్లీ చూసి నిర్ధారిస్తారు. రక్తహీనత వంటివి ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె దారి తప్పించగలదు. రమజాన్ ముందు ఈ సంగతి మరీ ముఖ్యం. షుగర్ ఉన్నవారు కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుని కలిసి, రోజా ఉండవచ్చో లేదో, మందుల వేళలు ఎలా మార్చాలో తెలుసుకోవాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. అది 70 కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యుల సలహా. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకోవడానికి సంకోచించే పెద్దలకు ఇంట్లో వాళ్లే నచ్చజెప్పాలి.

"చుట్టరికంలో చేసుకున్నారా?"

నెలల బిడ్డ పాలిపోయి ఉంటే వైద్యుడు ఈ ప్రశ్న అడుగుతాడు. కొందరు తండ్రులకు కోపం వస్తుంది. తమ ఆచారాన్ని వెక్కిరిస్తున్నాడనుకుంటారు. మేనరికాలు తెలుగునాట అన్ని వర్గాల్లోనూ ఉన్నాయి. వైద్యుడు అడిగేది తలసీమియా అనుమానంతో. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. చుట్టాల్లో పెళ్లి అయితే ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మోస్తున్నవారు ఆరోగ్యంగానే కనిపిస్తారు. మామూలు రక్త పరీక్షలో ఎర్రకణాల పరిమాణం చిన్నదిగా ఉంటుంది. దాన్ని చూసి ఐరన్ లోపమని ఏళ్ల తరబడి టానిక్కులు తాగినవారు ఉన్నారు. హెచ్‌బీఏ2 అనే పరీక్షలో అది 3.5 శాతం దాటితే విషయం బయటపడుతుంది. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. నెలకు ఒకటి రెండు సార్లు రక్తం ఎక్కించుకోవలసిన పిల్లలు అక్కడికి వస్తుంటారు. నికాహ్ మాట ఖాయం చేసుకునే ముందు ఆ ఒక్క పరీక్ష చేయించుకోవడంలో షరీఅత్‌కు విరుద్ధమైనది ఏదీ లేదు. మెహర్ గురించి, మండపం గురించి ఇన్ని రోజులు మాట్లాడుకునే పెద్దలు దీని గురించి ఒక పూట మాట్లాడుకోవచ్చు.

ఐదు పూటల కాగితం

డబ్బు లేదని పరీక్షలు మానుకోనవసరం లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో వైద్యుడు చూసి రాస్తే, రక్త నమూనాలను తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి ఉచితంగా పంపిస్తారు. చందానగర్ వారికి కొండాపూర్ ప్రభుత్వ ఆస్పత్రి కూడా దూరం కాదు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకోవాలి. వాడుతున్న మందుల అట్టలు తీసుకెళ్లాలి. హకీం సాబ్ ఇచ్చిన మాజూన్, ఎవరో పంపిన పొడి, జిమ్ములో కుర్రవాడు తాగే ప్రొటీన్ డబ్బా, ఏదీ మినహాయింపు కాదు. కొన్ని పొడుల వల్ల కాలేయం దెబ్బతింటుంది, అడిగితే తప్ప తెలియదు. ఏ మందు పడదో, ఎప్పుడు దద్దుర్లు వచ్చాయో రాసి ఉంచాలి.

జ్వరానికైతే ఒక చిన్న కాగితం చాలు. మన ఇళ్లలో రోజుకు ఐదు వేళలు ముందే ఖాయమై ఉన్నాయి. ఫజ్ర్‌కు ఒకసారి, జుహర్‌కు ఒకసారి, అస్ర్, మగ్రిబ్, ఇషాలకు ఒక్కోసారి థర్మామీటర్ పెట్టి అంకె రాయాలి. పారాసెటమాల్ ఎప్పుడు ఇచ్చారో పక్కన గుర్తు పెట్టాలి. వాంతి అయితే వాంతి, చలి వణుకు వస్తే వణుకు, మూత్రం ఎన్నిసార్లు పోశాడో అది. జ్వరం మొదలైన తేదీ పైన రాయాలి. వైవాక్స్ మలేరియాలో జ్వరం రోజు విడిచి రోజు రావచ్చు, టైఫాయిడ్‌లో రోజురోజుకూ పైకి పోతూ ఉండవచ్చు. ఇప్పటి జ్వరాలు అన్నిసార్లూ ఆ క్రమం పాటించవు గానీ, నాలుగు రోజుల అంకెలు ఒకే కాగితం మీద కనిపిస్తే వైద్యుడికి ఏ పరీక్ష ముందు రాయాలో తెలుస్తుంది. "ఎన్నో రోజు?" అన్నప్పుడు తండ్రీ తల్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ కాగితం బల్ల మీద పెడితే సరిపోతుంది.